శాస్త్ర సలహా మండలికి నామినేషన్లు: అమెరికా ఈపీఏ చరిత్ర

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏకి శాస్త్ర విషయాల్లో సలహా చెప్పే మండలి పేరు సైన్స్ అడ్వైజరీ బోర్డు. గాలిలో ధూళి ఎంతకు మించకూడదో, తాగునీటిలో ఏ రసాయనం ఎంతవరకు ఉండవచ్చో నిర్ణయించేది ఈపీఏ. ఆ నిర్ణయానికి ఆధారంగా చూపిన పరిశోధన నిలబడుతుందో లేదో సంస్థ బయటి శాస్త్రవేత్తలు పరిశీలించి చెప్పడం బోర్డు పని. బోర్డు చెప్పినట్టు చేసి తీరాలని చట్టంలో లేదు. అయితే దాని నివేదికలు అందరికీ అందుబాటులో ఉంటాయి. వాటిని తోసిపుచ్చి తీసుకున్న నిర్ణయం కోర్టు మెట్లెక్కితే, ఎందుకు తోసిపుచ్చారో సంజాయిషీ చెప్పుకోవడం తేలిక కాదు. ఈ బలం వల్లనే బోర్డులో ఎవరుండాలన్న విషయం మీద దశాబ్దాలుగా గట్టి పెనుగులాట సాగుతూ వస్తోంది.

ఈపీఏ 1970 డిసెంబరులో పుట్టింది. 1974లో సంస్థ తనంతట తానే ఈ బోర్డును ఏర్పాటు చేసుకుంది. అప్పటికే 1972 నాటి ఫెడరల్ అడ్వైజరీ కమిటీ చట్టం అమల్లో ఉంది. ప్రభుత్వ సలహా సంఘాల్లో భిన్న అభిప్రాయాలకు సమతూకంగా చోటు ఉండాలని, సమావేశాలు బహిరంగంగా జరగాలని ఆ చట్టం చెప్పింది. 1978 పేరుతో వచ్చిన పర్యావరణ పరిశోధన చట్టం బోర్డుకు చట్టబద్ధత తెచ్చింది. సభ్యులు కనీసం 9 మంది ఉండాలి. శాస్త్ర సమాచారాన్ని బేరీజు వేయగల చదువు, శిక్షణ, అనుభవం వారికి ఉండాలి. వారిని ఈపీఏ అధిపతి నియమించాలి. అయితే ఆ పేర్లు ఎక్కడి నుంచి రావాలో, ఎవరు ప్రతిపాదించాలో చట్టం చెప్పకుండా వదిలేసింది. తరువాతి తగాదాలన్నింటికీ మూలం ఇక్కడే ఉంది.

గాలి నాణ్యతకు సంబంధించి 1977లోనే అమెరికా చట్టసభ కాంగ్రెస్ వేరే దారి పట్టింది. స్వచ్ఛ వాయు చట్టానికి చేసిన సవరణల ద్వారా ఏడుగురు సభ్యులతో ఇంకో కమిటీని ఏర్పరిచింది. జాతీయ సైన్స్ అకాడమీ సభ్యులు ఒకరు, వైద్యులు ఒకరు, రాష్ట్రాల వాయు కాలుష్య నియంత్రణ సంస్థల ప్రతినిధి ఒకరు అందులో తప్పనిసరిగా ఉండాలి. పెద్ద బోర్డు విషయంలో ఇలాంటి కచ్చితమైన కేటాయింపు ఏదీ లేదు.

అలా కేటాయించాలన్న ప్రయత్నం 1982లో జరిగింది. పరిశ్రమలు, కార్మికులు, వినియోగదారులు, రాష్ట్రాలు వంటి వర్గాలకు బోర్డులో ప్రాతినిధ్యం కల్పించాలంటూ కాంగ్రెస్ ఒక బిల్లును ఆమోదించింది. శాస్త్రవేత్త ఏదో ఒక వర్గం తరఫున కూర్చోవడం శాస్త్ర పద్ధతికే విరుద్ధమంటూ అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ఆ అక్టోబరులో దాన్ని వీటో చేశారు. వాదన సరైనదే. ప్రతినిధి తన వర్గానికి జవాబుదారీ, శాస్త్రవేత్త సాక్ష్యానికి జవాబుదారీ. ఈ రెండు పనులనూ ఒకే కుర్చీలో కూర్చోబెడితే రెండూ చెడతాయి. కానీ ఆ ప్రభుత్వంలోనే, ఆన్ గోర్సచ్ ఈపీఏ అధిపతిగా ఉన్న కాలంలో, సలహాదారులైన శాస్త్రవేత్తల జాబితా ఒకటి సంస్థలో చేతులు మారింది. 1983 మార్చిలో అది బయటపడింది. ఎవరిని ఉంచాలో, ఎవరిని తప్పించాలో ఒక్కో పేరు ఎదుట రాసి ఉంది. ఆ రాతలు పరిశోధన నాణ్యతను తూచినవి కావు, రాజకీయ మొగ్గును తూచినవి. విషపదార్థాల స్థలాల శుద్ధికి సంబంధించిన పత్రాల వివాదంలో గోర్సచ్ ఆ నెలలోనే రాజీనామా చేశారు. సంస్థ తొలి అధిపతి విలియం రకల్స్‌హాస్ తిరిగి వచ్చి బాధ్యత తీసుకున్నారు. పేర్ల ఎంపిక తలుపు వెనుక జరిగితే ఏమవుతుందో దేశానికి మొదటిసారి స్పష్టంగా తెలిసింది అప్పుడే.

2001లో కాంగ్రెస్ తరఫు తనిఖీ సంస్థ జీఏఓ బోర్డు పనితీరును పరిశీలించింది. ఒక్కో అంశానికి వేసే నిపుణుల ప్యానెళ్లలో సభ్యుల ఆర్థిక సంబంధాలను ముందుగా కనిపెట్టడానికి, అభిప్రాయాల సమతూకం చూడడానికి ఉన్న ఏర్పాట్లు చాలవని తేల్చింది. మరుసటి ఏడాది బోర్డు కార్యాలయం ప్యానెళ్ల ఎంపిక విధానాన్ని రాతపూర్వకంగా ప్రకటించింది.

ఈ పద్ధతిలో మొదటి మెట్టు ప్రకటన. ఏయే రంగాల నిపుణులు కావాలో ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో వేస్తారు. ఎవరైనా ఎవరి పేరైనా సూచించవచ్చు, తన పేరు తానే పంపుకోవచ్చు. పేరుతోపాటు విద్య, ఉద్యోగం, ప్రచురణలు, ఇటీవల పరిశోధనకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న వివరాలు జతచేయాలి. గడువు ముగిశాక అభ్యర్థుల జాబితాను బయటపెట్టి ప్రజల వ్యాఖ్యలు కోరతారు. విషపదార్థాల శాస్త్రం, గణాంకశాస్త్రం, జలశాస్త్రం, ఆర్థికశాస్త్రం లాంటి రంగాల వారి నుంచి కావలసిన కూర్పు చూసి సిబ్బంది సిఫార్సు చేస్తే, ఈపీఏ అధిపతి నియమిస్తారు. సభ్యులు పాక్షిక కాలపు ప్రభుత్వ ఉద్యోగులతో సమానం. కాబట్టి ఆస్తులు, ఆదాయాల వివరాలను గోప్యంగా సమర్పించాలి. పదవీకాలం సాధారణంగా మూడేళ్లు, ఆపైన మరోసారి పొడిగించవచ్చు. ఈ మెట్లన్నిటిలో విలువైనది అభ్యర్థుల జాబితాను బయటపెట్టడమే. ఎవరు పోటీలో ఉన్నారో తెలిస్తేనే, ఎవరిని ఏ కారణంతో పక్కనపెట్టారని అడగడానికి వీలుంటుంది.

ఆఖరి సంతకం మాత్రం అధిపతిదే. 2017 అక్టోబరు 31న అప్పటి అధిపతి స్కాట్ ప్రూయిట్ కొత్త ఆదేశం తెచ్చారు. ఈపీఏ నుంచి పరిశోధన గ్రాంటు పొందుతున్నవారు సలహా సంఘాల్లో ఉండరాదన్నది దాని సారం. పరిశ్రమల డబ్బుతో పనిచేసేవారికి అలాంటి నిషేధం పెట్టలేదు. పర్యావరణ పరిశోధనలో పేరున్న విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చాలామంది ఈపీఏ గ్రాంట్లతో పనిచేసేవారే కావడంతో దెబ్బ నేరుగా వారి మీదే పడింది. న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 2020 ఫిబ్రవరిలో ఆ ఆదేశానికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. దీర్ఘకాలంగా ఉన్న పద్ధతిని మార్చడానికి తగిన కారణం చూపలేదని వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఏప్రిల్‌లో తప్పుపట్టింది. ఈపీఏ ఆ పోరును అక్కడితో విడిచిపెట్టింది.

మధ్యలో ఇంకొకటి జరిగింది. 2018 అక్టోబరులో ఈపీఏ సూక్ష్మ ధూళికణాల సమీక్షకు పెట్టిన నిపుణుల ప్యానెల్‌ను రద్దు చేసింది. ఏడుగురి కమిటీయే తమకు ఆ నైపుణ్యం చాలదని, ప్యానెల్‌ను తిరిగి ఏర్పాటు చేయమని 2019 ఏప్రిల్‌లో కోరింది. తొలగించిన శాస్త్రవేత్తలు ఆ అక్టోబరులో తమంతట తామే సమావేశమై, ప్రభుత్వం అడగకపోయినా సమీక్ష పూర్తిచేసి సమర్పించారు. నియామకం రద్దయినా పని వదలని ఆ నిపుణుల నిబద్ధతను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

2021 మార్చి చివర్లో కొత్త అధిపతి మైకేల్ రీగన్ బోర్డు సభ్యులనూ, ఏడుగురి కమిటీనీ తొలగించి మళ్లీ నామినేషన్లు పిలిచారు. ఆగస్టులో 47 మందితో బోర్డు కొలువుదీరింది. వెనుకటి నియామకాల్లో లోపం ఉన్నా, అందరినీ ఒక్కసారిగా తీసేయడం తరువాత వచ్చేవారికి దారి చూపింది. 2025 జనవరిలో ప్రభుత్వం మారగానే ఈ రెండు సంఘాల సభ్యులనూ మళ్లీ తప్పించారు. కనీసం 9 మందితో బోర్డు ఉండాలన్న 1978 నిబంధన మాత్రం మారలేదు.