లైవ్ యూఎస్‌బీ బూట్ వైఫల్యం

హార్డ్‌డిస్క్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ను నడిపే ఏర్పాటు లైవ్ యూఎస్‌బీ. స్వేచ్ఛ సంస్థ తెలుగులో తెచ్చిన లినక్స్‌ను గుంటూరు, ఒంగోలు కళాశాలల విద్యార్థి తన విండోస్ చెడకుండా పరీక్షించడానికి ఇదే తేలికైన దారి.

పెన్‌డ్రైవ్ బూట్ కాకపోతే ముందు అనుమానించాల్సింది లాప్‌టాప్‌ను కాదు, పెన్‌డ్రైవ్‌నే. నెట్ నుంచి దించుకున్న లినక్స్ ఐఎస్ఓ ఫైలును మామూలుగా కాపీ చేస్తే సరిపోదు. రూఫస్, బలేనాఎచర్ వంటి సాధనంతో రాయాలి. కరెంటు, నెట్ మధ్యలో పోయే ఊళ్లలో ఫైలు సగమే దిగే ప్రమాదం ఉంది. అందుకే దిగిన ఫైలు షా-256 సంఖ్యను వెబ్‌సైట్‌లో ఇచ్చిన దానితో సరిచూడాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దించుకోవలసిందే.

పెన్‌డ్రైవ్ సరిగా ఉంటే, లాప్‌టాప్ ఆన్ చేయగానే దాన్ని ఎంచుకునే బూట్ మెనూ కోసం డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్ నొక్కుతారు.

మెనూలో పెన్‌డ్రైవ్ కనిపించినా భద్రతా హెచ్చరికతో ఆగిపోతే కారణం చాలావరకు సెక్యూర్ బూట్. 2012లో విండోస్ 8తో వ్యాపించిన ఈ కాపలా, గుర్తింపు సంతకం లేని బూట్‌లోడర్‌ను రానివ్వదు. లినక్స్ పంపిణీల్లో ఉబుంటుకు ఆ సంతకం ఉంది. డెబియన్‌కు 2019 నాటి 10వ విడుదలతో వచ్చింది. చిన్న పంపిణీల్లో చాలావాటికి లేదు. అప్పుడు సెక్యూర్ బూట్‌ను ఆపాలి. డిస్క్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉన్న యంత్రమైతే 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోవడం తప్పనిసరి. అది లేకపోతే విండోస్‌లోని ఫైళ్లు చేజారవచ్చు.

లినక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్ మెనూ వచ్చాక తెర నల్లబడితే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించాలి. ‘ఇ’ నొక్కి, ‘లినక్స్’తో మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ చేర్చి, ఎఫ్10 నొక్కాలి.