పాత గ్రంథాలయంలో మన అర

నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. తెలుగుకు కొలువులో చోటు లేదు. అందుకే తెలుగువాళ్లు గ్రంథాలయాలు కట్టుకున్నారు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వెలిశాయి.

ఇలాంటి గ్రంథాలయాలను పెంచేటప్పుడు పాత గోడలనూ, పాత పత్రికలనూ కాపాడాలి. చోటు లేని భాషకు చోటిచ్చిన ఆ మొదటి ఉద్దేశాన్ని కూడా కాపాడాలి. నేడు ఆ చోటు అడుగుతున్నవి గోండి, కోయ, కొలామీ.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండులు తమ లిపిలోని చేతిరాత ప్రతులను తరతరాలుగా దాచుకున్నారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. వాటి నకళ్లు నగరంలోని కొత్త గదికి రావాలి. మూలప్రతులు మాత్రం దాచిన ఊళ్లోనే ఉండాలి.