అమూర్త సాంస్కృతిక వారసత్వం – అధ్యయనం, పరిరక్షణ: సురభి డేరా నుంచి ఫిల్మ్‌నగర్ వరకు

ఉద్దేశ్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• అమూర్త సాంస్కృతిక వారసత్వాన్ని నిర్వచించగలుగుతారు.
• భద్రపరచడానికీ పరిరక్షించడానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• తెలుగు సినిమాకూ సంప్రదాయ కళలకూ గల సంబంధాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

చార్మినార్‌నో వేయిస్తంభాల గుడినో చూపించి ‘ఇది మన వారసత్వం’ అని చెప్పవచ్చు. ఒగ్గు కథకుని నేర్పును అలా చూపించలేం. అది ఆయన గొంతులో, అడుగులో, జ్ఞాపకంలో ఉంటుంది. శిష్యుడు లేకపోతే ఆయనతోపాటే అంతరిస్తుంది. ఇటువంటి వారసత్వాన్ని అమూర్త సాంస్కృతిక వారసత్వం అంటారు.

దీని పరిరక్షణకు యునెస్కో 2003 అక్టోబరు 17న ఒక ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం 2005లో అందులో చేరింది. 2006 ఏప్రిల్ 20 నుంచి అది అమలులోకి వచ్చింది. మౌఖిక సంప్రదాయాలు, ప్రదర్శన కళలు, సామాజిక ఆచారాలు–పండుగలు, ప్రకృతిని గురించిన జ్ఞానం, సంప్రదాయ హస్తకళలు అనే ఐదు రంగాలను ఒడంబడిక పేర్కొన్నది. ఏది వారసత్వమో గుర్తించడంలో ఆ కళను పాటించే సమూహానికే ప్రధాన స్థానం ఇచ్చింది. ఈ అంశాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి.

2. సురభి: కుటుంబమే బడి

1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం ‘కీచక వధ’ నాటకాన్ని ప్రదర్శించింది. ఆ ఊరి పేరే సమాజానికి స్థిరపడింది. సురభిలో నటన, సంగీతం, తెరల చిత్రణ, రంగాలంకరణ అన్నీ కుటుంబంలోనే నేర్చుకుంటారు. బాల కృష్ణుని వేషంతో రంగస్థలం ఎక్కిన పిల్లవాడు పెద్దయ్యాక హార్మోనియం ముందు కూర్చోవచ్చు, తెర వెనుక తాళ్లు లాగవచ్చు. నారదుడు ఆకాశం నుంచి దిగే దృశ్యం తాళ్లూ కప్పీలతోనే సాధ్యమవుతుంది. ఎప్పుడు ఎంత లాగాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. పక్కన నిలబడి నేర్చుకోవలసిందే.

ఒకప్పుడు ఊరూరా తిరిగిన సురభి సమాజాలలో నేడు కొన్నే మిగిలాయి. హైదరాబాదులోని శేరిలింగంపల్లిలో స్థిరపడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి వాటిలో ముఖ్యమైనది. దానికి నిర్వాహకులుగా ఉండిన రేకందార్ నాగేశ్వరరావు (బాబ్జీ)కి 2013లో పద్మశ్రీ లభించింది.

3. రంగస్థలం నుంచి వెండితెరకు

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ సురభి వారు ఆడుతూ వచ్చిన నాటకం ఆధారంగా బొంబాయిలో తయారయింది. సురభి కమలాబాయి అందులో లీలావతి. ఈ చిత్రం 1931 సెప్టెంబరులో విడుదలయిందని చాలాకాలం నమ్మారు. పరిశోధకుడు రెంటాల జయదేవ సెన్సారు వివరాలనూ నాటి పత్రికలనూ పరిశీలించి, అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6 అని నిరూపించారు. కాగితం మీద ఆధారాలున్న సంగతే దశాబ్దాలపాటు తప్పుగా ప్రచారమైతే, కాగితమెక్కని విద్య ఎంత సులభంగా మరుగున పడుతుందో ఊహించవచ్చు.

1957 నాటి ‘మాయాబజార్’ మరో ఉదాహరణ. శశిరేఖా పరిణయం కథ వ్యాసభారతంలో లేదు. జానపదుల నోటా, నాటక రంగం మీదా బతికి సినిమాకు చేరింది. సినిమా ఆ కథను లక్షల మందికి అందించింది. అయితే అదే సినిమా హాలు నాటక డేరాకు ప్రేక్షకులను దూరం చేసింది. కథ నిలిచింది, దానిని మోసిన జీవనవిధానం బలహీనపడింది.

4. ఫిల్మ్‌నగర్‌లో కిన్నెర

బొంబాయి, కలకత్తా, మద్రాసు స్టూడియోలపై ఆధారపడిన తెలుగు సినిమా క్రమంగా హైదరాబాదుకు తరలింది. అన్నపూర్ణ, రామానాయుడు, పద్మాలయా స్టూడియోలతో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పరిసరాలు దానికి కేంద్రమయ్యాయి. పల్లె బాణీలకు కూడా ఇదొక పెద్ద అంగడి అయింది.

నాగర్‌కర్నూల్ ప్రాంతానికి చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడే కళాకారుడు. 2021లో వెలువడిన ‘భీమ్లా నాయక్’ పాట ఆరంభంలో ఆయన గొంతు వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. సినిమా వల్ల కిన్నెర పేరు ఇంటింటికీ చేరిందన్నది నిజం. కానీ పాటలో వినబడింది కొద్ది క్షణాలే. సుదీర్ఘమైన కథాగానం, వాద్యం తయారు చేసే పనితనం, కథ చెప్పించుకునే ఊరివారితో గాయకునికి గల సంబంధం పాటలో ఇమడవు. కీర్తి కళాకారునికి దక్కవచ్చు. శిష్యుడు దొరికితేనే కళ నిలుస్తుంది.

హక్కుల ప్రశ్న కూడా ఉంది. కాపీరైటు చట్టం ప్రధానంగా గుర్తింపదగిన రచయితకూ స్వరకర్తకూ రక్షణ ఇస్తుంది. 1994 సవరణ ప్రదర్శకులకూ కొన్ని హక్కులు కల్పించింది. తరతరాలుగా ఒక సమూహం పెంచిన బాణీకి మాత్రం ఒక్క కర్త ఉండడు. అందువల్ల దానిని వాడుకున్నవారి పేరు తెరపై పడుతుంది, పెంచినవారి పేరు పడకపోవచ్చు.

సినిమా పరిశ్రమకూ సొంత అమూర్త వారసత్వం ఉన్నది. చేత్తో గీసిన సినిమా బ్యానర్లు ఫ్లెక్సీల రాకతో కనుమరుగయ్యాయి. సెట్టు మేస్త్రీలు, మేకప్ కళాకారులు, ఫైట్ మాస్టర్ల విద్య నేటికీ ఎక్కువగా గురుశిష్య పద్ధతిలోనే సాగుతున్నది. దానిని నమోదు చేసే పని ఇంకా ఎంతో మిగిలి ఉంది.

5. అధ్యయన పద్ధతి

బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాలపై చేసిన పరిశోధన ఈ రంగానికి పునాది. వరంగల్లులోని తెలుగు విశ్వవిద్యాలయ జానపద గిరిజన విజ్ఞానపీఠం ఈ కృషిని కొనసాగిస్తున్నది. క్షేత్ర పరిశోధనకు వెళ్లే విద్యార్థి మొదట కళాకారుని అనుమతి తీసుకోవాలి. పాటను మాత్రమే కాక సందర్భాన్నీ రాసుకోవాలి: ఎవరు, ఎవరి కోసం, ఎప్పుడు పాడారు? ఎవరి వద్ద నేర్చారు? ఇప్పుడు ఎవరు నేర్చుకుంటున్నారు? రికార్డు ప్రతిని తిరిగి వారికి ఇవ్వాలి. ఈ ప్రశ్నల్లో చివరిది అతి ముఖ్యం. దానికి ‘ఎవరూ లేరు’ అనే జవాబు వస్తే ఆ కళ ప్రమాదంలో ఉన్నదని అర్థం.

6. సారాంశం

రికార్డు చేయడం భద్రపరచడం. నేర్పేవారికి జీవనోపాధి, నేర్చుకునేవారికి అవకాశం కల్పించడం పరిరక్షణ. మొదటిది రెండవదానికి సాధనం మాత్రమే. సినిమా ఒక కళకు గుర్తింపు తేగలదు గాని, గురువు స్థానాన్ని తీసుకోలేదు.

స్వయం మూల్యాంకన ప్రశ్నలు

1. 2003 ఒడంబడిక పేర్కొన్న ఐదు రంగాలను తెలుగు ఉదాహరణలతో వివరించండి.
2. తెలుగు సినిమా సంప్రదాయ కళలకు మేలు చేసిందా, కీడు చేసిందా? చర్చించండి.
3. మీ ప్రాంతంలోని ఒక కళాకారుని కలిసి, పై పద్ధతిలో రెండు పుటల నివేదిక రాయండి.