చేర్యాల పటములు – కులపురాణముల సామాజిక ప్రయోజనము

కళకు సమాజమునందు గల ప్రయోజన మెట్టిదను ప్రశ్న మన లాక్షణికులకు చిరపరిచితమే యైనను, వారి చర్చ యంతయు రాజాస్థానములను, దేవాలయములను ఆశ్రయించిన కళల చుట్టును పరిభ్రమించినది; పల్లెలోని వాడకట్టున గుడ్డమీది బొమ్మలను కోలతో చూపుచు రాత్రుల తరబడి కథ చెప్పెడివాని విద్యను లక్ష్యముగ గ్రహించిన సందర్భములు మిక్కిలి తక్కువ. ఈ కొరతను కొంతయైన తీర్చుటకు చేర్యాల నకాశీ పటములను మించిన ఆధారము తెలుగుదేశమున లేదని నా విశ్వాసము.

నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలయందు నకాశీలనబడు చిత్రకారుల కుటుంబములవారు వ్రాసెడి పటము సుమారు 3 అడుగుల వెడల్పుతో, కథ నిడివి ననుసరించి 40 అడుగులకు మించియు సాగును. దానిని వ్రాయించుకొనువాడు ఆశ్రితకులమునకు చెందిన కథకుడు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ, భావనాఋషుల పురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, గౌడులకు గౌడజెట్టివారు గౌడపురాణమును, రజకులకు పటమువారు మడేలు పురాణమును, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును వినిపింతురు. ఏ యూళ్ళు ఏ కథక కుటుంబమునకు చెందుననునది తరతరములుగ సంక్రమించు మిరాశి హక్కు కావున, కథాంతమున కులస్థు లొసగు ధాన్యము, కట్నము భిక్షగ నెంచబడలేదు.

పట నిర్మాణమున ఓర్పునకు గల పాలు గణనీయమైనది. ఖద్దరు గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, బంకనీరు కలిపిన లేపనమును పూసి, ఆరిన పిమ్మట మరల పూసి, ఇట్లు ముమ్మారు గట్టిపరచినగాని అది రంగును నిలుపుకొనదు. అట్లు చేయనిచో చుట్టుటకు, విప్పుటకు ఓర్వదు. ఉడుత వెండ్రుకల కుంచెతో రేఖలు దిద్ది, వెనుక తలమంతయు ఎరుపుతో నింపుదురు. ఆ ఎరుపుమీద పసుపు, నీలి వర్ణముల దేహములు దీపకాంతిలో వెనుక వరుసవానికిని స్ఫుటముగ గోచరించుటయే ఈ వర్ణయోజనకు ముఖ్యకారణ మై యుండునని తోచుచున్నది. దృశ్యమునకును దృశ్యమునకును నడుమ పూలచాలు హద్దుగ నిలుచును. పురాణపాత్రల ప్రక్కనే మగ్గమును, తాడిచెట్టును, చాకిరేవును నిస్సంకోచముగ నిలిపిన ఈ చిత్రకారుల దృష్టియందు శ్రమకును దైవత్వమునకును ఎడము లేదు.

ఈ చిత్రకథనము ఆ కులములకు చేసిన యుపకార మేమి? జాంబపురాణము జాంబవంతుని భూమి పుట్టుటకు ఆరునెలలు ముందుగ జన్మించినవానిగ కీర్తించును. పగలంతయు ఊరివారిచే అంటరానివాడని దూరముగ నిలుపబడిన మనుష్యుడు, రాత్రి తన వాడలో, తన వారి నడుమ కూర్చుండి, తన మూలపురుషుడు సృష్టికే జ్యేష్ఠుడని విని, ఆ మాటకు సాక్ష్యముగ ఎదుట పటమును గాంచును. పద్మనాళ తంతువులతో దేవతలకు వస్త్రములు నేసినవాడు భావనాఋషి యని వినిన సాలెవానికి, మరునాటి ఉదయమున తాను కూర్చుండు మగ్గపుగుంట హీనస్థానముగ తోచుట యెట్లు? శిష్టగ్రంథములు తమ కొసగని వంశచరిత్రను ఈ జాతులు పటమున లిఖింపించుకొన్నవి. తగవులలో తామ్రశాసనమునకు గల విలువ వంటిది ఈ పటమునకు వారి మనస్సులలో కలదు.

అయినను ఈ కళ సమస్త బంధములను త్రెంచినదని చెప్పుట సత్యదూరము. మాదిగల ఔన్నత్యమును గానము చేసిన డక్కలివారు ఆ మాదిగల చేతనే తక్కువవారుగ నెంచబడి, వాడకు వెలుపల గుడిసెలు వేసికొనిరి. గౌరవము నొసగిన గొంతునకు గౌరవము దక్కలేదు. ఈ వైరుధ్యమును మరుగుపరచి జానపదకళలను కీర్తించుట పరిశోధకునకు తగదు.

చలనచిత్రము వచ్చి, కులవృత్తులు సడలి, కథకుని పిలుచువారు తగ్గిపోగా, నేడు చేర్యాలలో ఏక దృశ్యములుగ వ్రాయు గోడపటములును, కొబ్బరిచిప్పల ముఖములును అధికముగ తయారగుచున్నవి. ఈ కళకు భౌగోళిక సూచిక గుర్తింపును లభించినది. ఈ చిత్రములు కళాకారుల పొయ్యి వెలిగించుచున్నవి గనుక వీనిని చులకన చేయుట అన్యాయము. కాని కొనువానికి ఆ కథతో బాంధవ్యము లేదు. పూర్వము జీర్ణించిన పటమును విధిపూర్వకముగ నదిలో నిమజ్జనము చేసెడివారు. ఇప్పుడది సంగ్రహశాలకు చేరుచున్నది. అట్లు చేర్చువారు పటముతోపాటు కథకుని కథనమును పూర్తిగ ధ్వనిముద్రణ చేయుటయు, అతని కుటుంబమునకు హక్కు గల గ్రామముల పేళ్ళను వ్రాసికొనుటయు అత్యావశ్యకము. ఏలయన ఆ కళ ఎవరి ధాన్యముచే పోషింపబడినదో, ఎవరి ముంగిట విప్పబడినదో ఆ పేళ్ళవలననే తెలియును.