రోమన్ రచయితల దృష్టిలో ఆంధ్రదేశం

క్రీ.శ. 1, 2 శతాబ్దాలలో రోమన్ సామ్రాజ్యానికి చెందిన రచయితలు ఆంధ్రులను గురించి, కృష్ణా గోదావరి తీరాన్ని గురించి కొద్ది వాక్యాలు రాశారు. ప్రకృతి, మానవ స్వభావం, నాగరికతలపై రోమన్ల భావాలు తెలిస్తే గానీ ఆ వాక్యాల విలువ బోధపడదు.

శీతోష్ణస్థితి, స్వభావం

మనుషుల గుణగణాలను వాతావరణమే నిర్ణయిస్తుందని రోమన్లు నమ్మేవారు. చలిదేశాల వారు ధైర్యవంతులే గానీ మందబుద్ధులని, ఉష్ణదేశాల వారు సూక్ష్మబుద్ధులే గానీ పిరికివారని వాస్తుశిల్పి విట్రూవియస్ (క్రీ.పూ. 1వ శతాబ్దం) రాశాడు. రెంటికీ నడుమనున్న ఇటలీకే లోకాన్ని ఏలే యోగ్యత కలదట! పెద్ద ప్లినీ (క్రీ.శ. 23-79) అభిప్రాయమూ ఇంచుమించు ఇదే. 37 సంపుటాల తన 'ప్రకృతి చరిత్ర' 7వ సంపుటంలో అతడు, మనిషి పట్ల ప్రకృతి కన్నతల్లియో సవతి తల్లియో చెప్పడం కష్టమంటాడు. ఆ సంపుటంలోనే భారతదేశంలో కుక్కతలల మనుషులు, ఒంటికాలి మనుషులు ఉన్నారని రాశాడు.

ఆంధ్రుల ప్రస్తావన

6వ సంపుటంలో 'అందరే' జాతిని గురించి చెప్పేటప్పుడు మాత్రం ఈ వింతలేవీ కనబడవు. ఈ బలమైన జాతికి అనేక గ్రామాలు, గోడలు బురుజులు గల 30 పట్టణాలు ఉన్నాయని, వారి రాజుకు 1,00,000 కాల్బలం, 2,000 అశ్వాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రాశాడు. 'అందరే' అనగా ఆంధ్రులే అని చరిత్రకారుల అభిప్రాయం. అయితే రాజు పేరు గానీ, పట్టణాల పేర్లు గానీ ప్లినీ చెప్పలేదు. పైగా ఈ సమాచారం అంతకు మూడు శతాబ్దాలకు పైగా పూర్వపు మెగస్తనీసు నుండి వచ్చినదని పలువురు భావిస్తారు. కావున దీనిని నేరుగా శాతవాహన సామ్రాజ్య వర్ణనగా తీసుకోవడం సరికాదు.

తీరప్రాంతం

'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్' అనే గ్రీకు నావికా గ్రంథం 'మసాలియా'లో సన్నని నూలువస్త్రాలు విరివిగా తయారయ్యేవని చెబుతుంది. టాలమీ (2వ శతాబ్దం) దీనినే 'మైసోలియా' అన్నాడు. అతడు చెప్పిన మైసోలస్ నదిని కొందరు కృష్ణ అని, కొందరు గోదావరి అని గుర్తించారు. మొగల్తూరు, నరసాపురం ప్రాంతం ఈ తీరంలో గోదావరి వైపున ఉంది. ఒండ్రు మేటలతో డెల్టా సముద్రంలోకి జరుగుతూ వచ్చినందున నాటి రేవులను నేటి తీరగ్రామాలలో వెదకడం కష్టం. టాలమీ పేర్కొన్న 'కొంటకొస్సిల'గా భావించే ఘంటసాల సైతం నేడు సముద్రపుటొడ్డున లేదు.

విలాసాలపై విమర్శ

భారతదేశ వర్తకానికి రోము నుండి ఏటా 5 కోట్ల సెస్టెర్సులకు తక్కువ కాకుండా తరలిపోతున్నదని ప్లినీ వాపోయాడు. విలాసం మనిషిని చెరుపుతుందన్నది అతని వాదన. అయినా కొనుగోళ్ళు ఆగలేదు. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి నాణేలు లభించాయి.