ఎవరి ఇష్టం? సిలికోన్ తిత్తుల చరిత్ర

శస్త్రచికిత్సలను వైద్యులు రెండు తెగలుగా విడదీస్తారు. ప్రాణం నిలపడానికి తక్షణం చేయవలసినవి కొన్ని; వీలు చూసుకుని, రోగి సమ్మతితో ముందుగా రోజు నిర్ణయించి చేసేవి కొన్ని. రెండవ తెగకు ఐచ్ఛికం అని పేరు. ఆసుపత్రి లోపల ఈ మాటలో దోషమేమీ లేదు. కాని అందం కోసం చేసే శస్త్రచికిత్సల విషయంలో దీనికి మరొక అర్థం అంటుకున్నది. "కోరి తెచ్చుకున్నావు, నీవే అనుభవించు" అన్నదే ఆ అర్థం. వైద్యుడి నోట పుట్టిన మాట కంపెనీ వకీలు నోటికి ఎక్కింది, బీమా కాగితం మీదికి చేరింది, చివరకు ఇరుగుపొరుగు ఎత్తిపొడుపుగా మారింది. ఈ మాట ఎవరికి ఎట్లా ఉపయోగపడిందో చూపడమే నా ఉద్దేశం. అందుకు రొమ్ములో అమర్చే సిలికోన్ తిత్తి చరిత్రను తీసుకుంటున్నాను. ఆ చరిత్ర కోర్టు పత్రాలలోనూ, ప్రభుత్వ విచారణలలోనూ విస్తారంగా నమోదై ఉన్నది.

సంపన్నుల విలాసానికి సంబంధించిన ఈ గొడవతో మనకేమి పని అని మిత్రులు కొందరు అడగవచ్చు. ఆ తిత్తిని మొట్టమొదట అమర్చింది ఏ కోటీశ్వరుడి భార్యకూ కాదు, ధర్మాసుపత్రికి వచ్చిన ఒక కార్మిక స్త్రీకి. అక్కడికి చేరేముందు కొంచెం వెనక్కు పోవాలి.

1899లో వియన్నా నగరంలో రాబర్ట్ గెర్సునీ అనే శస్త్రవైద్యుడు, క్షయ మూలంగా వృషణం తీసివేయవలసి వచ్చిన ఒక యువకుడికి, ఆ లోటు కనిపించకుండా వాజిలీను ఎక్కించాడు. ఫలితం చూడడానికి బాగున్నది. వెంటనే వాజిలీనూ, పారాఫిన్ మైనమూ చాలామంది వైద్యుల చేతికి వచ్చాయి. చప్పిడి ముక్కులు, లోతు బుగ్గలు, చిన్న రొమ్ములు, అన్నిటికీ అదే మందు. కొన్నేళ్ళు గడిచాక మైనం ఉన్నచోట ఉండలేదు. అది జారింది, గడ్డలు కట్టింది, చర్మాన్ని పుండు చేసింది. ఆ గడ్డలకు పారాఫినోమా అని వైద్యులు పేరు పెట్టారు. 1920ల నాటికి పాశ్చాత్య దేశాలలో ఈ పద్ధతి వెనుకబడింది. కాని ఒక సత్యం అప్పుడే బయటపడింది. ఇటువంటి చికిత్సలో లాభం మొదటి రోజున కనిపిస్తుంది, నష్టం పదేళ్ళకు కనిపిస్తుంది. రుసుము మాత్రం మొదటి రోజునే చెల్లుతుంది.

మైనం పోయి సిలికోన్ వచ్చింది. 1943లో డౌ కెమికల్, కార్నింగ్ గ్లాస్ అనే రెండు అమెరికన్ కంపెనీలు కలిసి డౌ కార్నింగ్ అనే సంస్థను స్థాపించాయి. యుద్ధవిమానాల ఇంజన్లలోని విద్యుత్ భాగాలకు తేమ తగలకుండా కాపాడే సిలికోన్ పదార్థం దాని తొలి సరుకులలో ఒకటి. యుద్ధం ముగిసింది, సరుకు మిగిలింది, కొత్త కొనుగోలుదార్లు కావలసి వచ్చారు. యుద్ధానంతర జపానులో ద్రవ సిలికోన్‌ను స్త్రీల రొమ్ములలోకి సూదితో ఎక్కించడం మొదలైంది. అది అమెరికాకు పాకి, లాస్ వేగస్ నాట్యశాలలలో బ్రతుకుతెరువు కోసం ఆడే స్త్రీలకు చేరింది. మైనం చేసిన పనే సిలికోనూ చేసింది. 1970ల నడుమ నెవాడా రాష్ట్రం ఆ సూదిని నేరంగా ప్రకటించవలసి వచ్చింది.

ద్రవం జారిపోతున్నది గనుక దాన్ని సంచిలో పోస్తే సరిపోతుందని కొందరు తలచారు. 1962లో హ్యూస్టన్ నగరపు ధర్మాసుపత్రిలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో అనే వైద్యులు, సిలికోన్ రబ్బరు తిత్తిలో సిలికోన్ జెల్ నింపి ఒక స్త్రీ శరీరంలో అమర్చారు. ఆమె అక్కడికి వచ్చింది రొమ్ము మీది పచ్చబొట్టు తీయించుకోవడానికి. తిత్తి అమర్చుకుంటావా అని వైద్యులే అడిగారు. తన చెవులు సరిచేస్తే సరేనని ఆమె ఒప్పుకున్నది. చరిత్రలో మొదటి "ఇష్టం" ఇది. డబ్బు పెట్టి వైద్యం కొనలేని స్త్రీని, ఆమె అడగని వస్తువు కోసం, ఆమె అడిగిన వస్తువు ఆశచూపి ఒప్పించారు. దీన్ని బలాత్కారం అనలేము. స్వేచ్ఛ అని పిలవడానికీ నోరు రాదు.

తిత్తి బజారుకు వచ్చిననాడు, వైద్య పరికరాలు సురక్షితమని ముందుగా రుజువు చేయాలనే చట్టం అమెరికాలో లేదు. 1976లో చట్టం వచ్చింది గాని, అప్పటికే బజారులో ఉన్న సరుకు అమ్మకం ఆగలేదు. సిలికోన్ తిత్తుల భద్రతకు రుజువులు చూపండని అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ కంపెనీలను గట్టిగా అడిగేసరికి 1991 వచ్చింది. అంటే దాదాపు ముప్పై ఏళ్ళు పరీక్ష లేకుండానే వ్యాపారం సాగింది. మరొక విధంగా చెప్పాలంటే, పరీక్ష స్త్రీల శరీరాలలోనే జరుగుతూ వచ్చింది. ఫలితాలు వ్రాసుకునేవాడు మాత్రం లేడు.

ఈ నడుమ జరిగిన ఒక విషయాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 1982లో ప్రభుత్వం ఈ తిత్తులపై కట్టుదిట్టాలు ప్రతిపాదించినప్పుడు, అమెరికన్ ప్లాస్టిక్ శస్త్రవైద్యుల సంఘం ఒక వాదన వినిపించింది. చిన్న రొమ్ములు ఒక వైకల్యమనీ, నిజానికి అది రోగమేననీ, దానికి చికిత్స అవసరమనీ ఆ వాదన సారాంశం. అమ్మేవేళ అది రోగం. పాడై నొప్పి పెట్టేవేళ అది ఆమె ముచ్చట. ఒకే శరీరానికి ఒకే వ్యవస్థ రెండు పేర్లు పెట్టింది. డబ్బు లోపలికి వచ్చేటప్పుడు ఒక పేరు, బయటికి పోవలసివచ్చినప్పుడు మరొక పేరు.

పాడవడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. శరీరం పరవస్తువును మరచిపోదు. దాని చుట్టూ మచ్చ కణజాలంతో ఒక తొడుగు అల్లుతుంది. కొందరిలో ఆ తొడుగు బిగుసుకుని రొమ్ము రాయిలా గట్టిపడుతుంది, ఆకారం మారుతుంది, నొప్పి పుడుతుంది. కొన్నిచోట్ల తిత్తి చిట్లి జెల్ బయటికి వస్తుంది; అది చిట్లిన సంగతి చాలాకాలం తెలియకపోవచ్చు కూడా. ఈ తిత్తులు జీవితాంతం ఉండేవి కావని 2011లో అమెరికా పాలనా సంస్థే స్పష్టం చేసింది. అందం కోసం అమర్చుకున్న ప్రతి అయిదుగురిలో ఒకరికి వరకూ పదేళ్ళలోపు తీయించుకోవలసి వస్తుందని అది లెక్క చెప్పింది. అంటే ఒక ఆపరేషను కొన్నవారిలో ఎంతోమంది, తమకు తెలియకుండానే, రెండవ దానినీ మూడవ దానినీ కూడా కొంటున్నారు.

కంపెనీలకు ఇదంతా తెలియదా? 1975లోనే డౌ కార్నింగ్ లోపలి లేఖ ఒకటి, నమూనా తిత్తులను చేతితో నలిపితే పైన జిడ్డు తేలుతున్నదనీ, వైద్యులకు చూపేముందు వాటిని సబ్బుతో కడగమనీ అమ్మకందార్లకు సలహా ఇచ్చింది. తిత్తి నుండి ద్రవం ఊరుతున్నది. దానికి మందు సబ్బు! 1984లో సాన్ ఫ్రాన్సిస్కో కోర్టులో ఒక స్త్రీ ఆ కంపెనీపై దావా గెలిచింది. జ్యూరీ శిక్షగా 15 లక్షల డాలర్లు విధించింది. తరువాత రాజీ కుదిరి పత్రాలకు సీలు పడింది. 1992లో అవి బయటపడేవరకు తిత్తులు అమర్చుకున్న స్త్రీలకు ఆ సంగతులు తెలిసే మార్గం లేదు. ఆ ఏడే ప్రభుత్వం అందం కోసం సిలికోన్ తిత్తుల వాడకాన్ని దాదాపు ఆపివేసింది. 1994లో కంపెనీలు 425 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నాయి. 1995లో డౌ కార్నింగ్ దివాలా రక్షణ కోరింది. దాన్ని స్థాపించిన రెండు పెద్ద కంపెనీలు మాత్రం దివాలా తీయలేదు.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ తిత్తుల వల్ల ఒళ్ళంతా పాకే కీళ్ళజబ్బులు, రోగనిరోధక వ్యవస్థ జబ్బులు వస్తాయని ఆనాడు దావాలలో వాదించారు. 1999లో అమెరికా వైద్య సంస్థ నియమించిన నిపుణుల సంఘం సాక్ష్యాన్నంతా పరిశీలించి, అందుకు రుజువు లేదని తేల్చింది. కంపెనీల పక్షంవారు దీన్ని విజయంగా చాటుకున్నారు. కాని అదే నివేదిక, గట్టిపడడం, చిట్లడం, మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు, ఇవే అసలు ప్రమాదాలనీ, ఇవి తరచుగా జరుగుతున్నాయనీ కూడా చెప్పింది. ఆ సగాన్ని ఎవరూ చాటలేదు. పెద్ద రోగం రుజువు కాలేదు గనుక రోజువారీ బాధ లెక్కలోకి రాకుండా పోయింది. అలసట, కీళ్ళనొప్పులు, మతిమరుపు చెప్పే స్త్రీలు ఈనాటికీ ఉన్నారు. కారణం తేలకపోయినా, 2021లో అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ తప్పనిసరి చేసిన హెచ్చరికలో ఆ లక్షణాల ప్రస్తావన చేరింది.

నాతో కలిసి పనిచేసిన ఒక ఉపాధ్యాయిని సంగతి ఇక్కడ చెప్పడం అసందర్భం కాదు. పెళ్ళయిన కొత్తలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె ఈ తిత్తులు అమర్చుకున్నది. పన్నెండేళ్ళకు ఎడమవైపు గట్టిపడింది. నల్లబల్ల పైభాగంలో వ్రాయడానికి చెయ్యెత్తితే ప్రాణం పోయేటంత నొప్పి. అందుచేత ఆమె పాఠమంతా బల్ల కింది సగంలోనే వ్రాసేది. వెనుక బెంచీ పిల్లలు లేచి నిలబడి చదువుకునేవారు. ఆసుపత్రి పాత రికార్డులు లేవన్నది. బీమావారు ఇది సౌందర్య చికిత్స అన్నారు. "నొప్పి ఫరవాలేదు మాష్టారూ, ఎవరికి చెప్పినా ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: నిన్నెవరు చేయించుకోమన్నారు అని. అది భరించలేను" అన్నది నాతో. ఆ ప్రశ్నకు జవాబు ఉన్నది. చేయించుకోమన్నవారు చాలామంది. సినిమా పోస్టరు చెప్పింది, ఆసుపత్రి ప్రకటన చెప్పింది, అత్తింటివారి చూపు చెప్పింది. బిల్లు మాత్రం ఆమె పేర వచ్చింది.

ఇది ఒక్క దేశపు జాడ్యం కాదు. ఫ్రాన్స్‌లో 1991లో జాన్ క్లోద్ మాస్ అనేవాడు పి.ఐ.పి. అనే కంపెనీ స్థాపించాడు. ఖర్చు తగ్గించుకోవడానికి వైద్యానికి అనుమతిలేని చవక సిలికోన్ జెల్‌ను తిత్తులలో నింపాడు. తనిఖీదారులు ముందుగా కబురుచేసి వచ్చేవారు. వారు వచ్చేసరికి అక్రమ సరుకు మాయమయ్యేది. 2010లో గుట్టు బయటపడేనాటికి ప్రపంచంలో సుమారు మూడు లక్షలమంది స్త్రీల శరీరాలలో ఆ తిత్తులున్నాయి. 2013లో మార్సెయ్ కోర్టు అతనికి నాలుగేళ్ళ జైలు, 75 వేల యూరోల జరిమానా విధించింది. ఫ్రెంచి ప్రభుత్వం తిత్తులు తీయించే ఖర్చు అందరికీ భరించింది. కొత్తవి అమర్చే ఖర్చు మాత్రం కాన్సరు రోగులకే భరించింది. మోసం ఒక్కటే, మోసపోయినవారిలో "అవసరం" కలవారు, "ఇష్టం" కలవారు అని మళ్ళీ రెండు వరుసలు.

2006లో అమెరికా సిలికోన్ తిత్తులను తిరిగి అనుమతించినప్పుడు, వేలాది స్త్రీలను పదేళ్ళపాటు గమనించాలని రెండు కంపెనీలకు షరతు పెట్టింది. 2011 నాటి లెక్కల ప్రకారం మెంటర్ కంపెనీ అధ్యయనంలో మూడేళ్ళకే 21 శాతం మంది మాత్రం మిగిలారు. గరుకు పైపొర గల తిత్తుల చుట్టూ అరుదుగా పుట్టే ఒక లింఫోమా గురించి 1997లోనే వైద్య పత్రికలో వచ్చింది; అలెర్గాన్ కంపెనీ తన గరుకు తిత్తులను ప్రపంచమంతటా వెనక్కు తీసుకున్నది 2019లో. అమ్మకం మూడు నెలల లెక్క. శరీరానిది ముప్పై ఏళ్ళ లెక్క. లాభం కోసం నడిచే వ్యవస్థ మొదటి లెక్కను ఒక్క రోజు కూడా మరచిపోదు. రెండవ లెక్క వ్రాయించడానికి చట్టాలు, కోర్టులు, ఉద్యమాలు కావలసి వచ్చాయి.

ఈ విషయంలో మనవాళ్ళలో రెండు పొరపాటు ధోరణులు చూస్తున్నాను. బూర్జువా అందాల మోజుకు ఇది తగిన శాస్తి అని కొందరు ముఖం తిప్పుకుంటారు. ఆ మాటకూ బీమా కంపెనీ మాటకూ తేడా లేదు. ఆమె శరీరం, ఆమె ఇష్టం అని మరికొందరు అక్కడితో ఆగిపోతారు. ఇష్టాన్ని గౌరవించవలసిందే. కాని తెలియవలసినది దాచిపెట్టి తీసుకున్న సమ్మతి పూర్తి సమ్మతి కాదు. సమ్మతి ఇచ్చినంత మాత్రాన సరుకు లోపానికి కొన్నవారు బాధ్యులు కారు.

మన దేశంలో ఆరోగ్య బీమా ప్రామాణిక మినహాయింపులలో సౌందర్య శస్త్రచికిత్స ఉన్నది. ప్రమాదం, కాలినగాయాలు, కాన్సరు తరువాత చేసే పునర్నిర్మాణానికీ, లేదా ప్రత్యక్షమైన, తక్షణమైన ప్రమాదం ఉన్నదని వైద్యుడు ధ్రువీకరించిన చికిత్సకూ మాత్రమే సడలింపు. పన్నెండేళ్ళుగా పెరిగిన నొప్పిని "తక్షణం" అని ఎవరు ధ్రువీకరిస్తారు? కనుక మనం అడగవలసినవి స్పష్టం. అమర్చిన ప్రతి తిత్తీ ఏ కంపెనీది, ఏ సంఖ్యది అన్నది రోగి చేతిలోనూ, ప్రభుత్వ పట్టికలోనూ ఉండాలి. తీయించుకునే ఖర్చు అమ్మినవాడు భరించాలి. ప్రభుత్వాసుపత్రిలో ఈ స్త్రీలకు ప్రశ్నలు లేకుండా వైద్యం దొరకాలి. ఇవి సాధించేవరకూ, "నిన్నెవరు చేయించుకోమన్నారు" అనే ప్రశ్నను ఆమెను కాక, అమ్మినవారిని అడగడం మనం నేర్చుకోవాలి.