తండా బిడ్డలు – నర్సింగు చదువు



నిర్గమకాండము మొదటి అధ్యాయంలో ఫరో పేరు కనబడదు. షిఫ్రా, పూయా అను ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రం వ్రాయబడినవి. మన నల్గొండ ప్రాంతంలో తండాల్లో కాన్పులు చేసిన లంబాడీ అవ్వల పేర్లు ఎవరు వ్రాసిపెట్టారు? ఈ రోజు ఆ అవ్వల మనుమరాండ్ల చదువును గూర్చి మాట్లాడుకుందాం.

1890లో మిషనరీ అబ్రాహాము ఫ్రీజన్ నల్గొండకు వచ్చారు. బడులు, ఆసుపత్రి వెలసినవి. రోగి రక్తము, మలము ముట్టుటకు పెద్ద కులాలవారు వెనుదీసిన ఆ కాలంలో, తెలుగు నాట మిషను ఆసుపత్రులలో నర్సులుగా నిలిచినవారిలో మాల, మాదిగ క్రైస్తవ ఆడపిల్లలు ఎందరో. తండా పిల్లలు మాత్రం అరుదు. మనం బడి ఊళ్లో పెట్టాము, తెలుగులో చెప్పాము. తండా ఊరికి ఎడం, దాని మాట గోర్ బోలీ. ఇది మనవారికి రుచించకపోవచ్చు, అయినా నిజం.

సర్కారు సంగతీ చూడండి. 1956 నాటి జాబితాలో కృష్ణకు ఆవల మాచర్ల వైపు సుగాలీలు ఎస్టీలు. ఈవల మిర్యాలగూడ, కోదాడ వైపు లంబాడీలు కారు! ఒకే జనం, ఒకే భాష, నడుమ ఒక ఏరు. 1976లో పార్లమెంటు చట్టం చేసి, 1977లో అది అమలులోకి వచ్చేదాకా ఆ తేడా పోలేదు. ఒక తరం ఆడపిల్లలు పత్తి చేలల్లో, కూలి పనుల్లో పెద్దవారైపోయారు. 2022లో తెలంగాణలో ఎస్టీ రిజర్వేషను 6 నుండి 10 శాతమైంది. 2019లో సూర్యాపేటకు సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. తలుపులు తెరుచుకున్నవి, సంతోషమే.

అయితే సీటు వేరు, చదువు వేరు. బి.ఎస్సీ. నర్సింగుకు ఇంటర్లో సైన్సు సబ్జెక్టులలో 45 శాతం మార్కులు కావాలి, ఎస్టీలకు 40 చాలు. మార్కులు సడలించారు, మరి భాషను ఎవరు సడలిస్తారు? ఇంట్లో గోర్ బోలీ, బడిలో తెలుగు, నర్సింగు పుస్తకంలో ఇంగ్లీషు.

మిర్యాలగూడ దగ్గరి తండా బిడ్డ ఒకతె మొదటి సంవత్సరం అనాటమీ తప్పి, పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చేసింది. తండ్రి పెండ్లి చేస్తానన్నాడు. నేను ప్రార్థన చేసి వచ్చాను. అంతకు మించి ఏమీ చేయలేదని ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఆమెను మరల హాస్టలుకు తీసుకొని పోయింది వేరే తండాకు చెందిన సీనియరు. రాత్రిపూట పక్కన కూర్చుండి, ఒక్కొక్క ఇంగ్లీషు మాటకు తమ మాటను తెలుగు అక్షరాల్లో వ్రాసి పెట్టేది. మరుసటి పరీక్షలో ఆ బిడ్డ ప్యాసయింది.

మొన్న ఆమె పనిచేసే వార్డుకు వెళ్లాను. ఒక లంబాడీ ముసలమ్మ రెండు దినములుగా నొప్పి ఎక్కడో తెలుగులో చెప్పలేక గోడవైపు తిరిగి పడుకున్నదట. ఈ బిడ్డ మంచం దగ్గర వంగి, "యాడీ" అని పిలిచింది. తమ భాషలో అమ్మా అని. ముసలమ్మ ఇటు తిరిగి, పొట్టమీద చేయి పెట్టి చూపించింది.